గుంట మీది బండి

ఆ రోజు తాను సరే అన్నదా, అనలేదా? ఇన్నేళ్లయినా ప్రేమలతకు ఈ సంగతి తేలలేదు. అన్నాననే ఒకసారి అనిపిస్తుంది, లేదనే ఒకసారి అనిపిస్తుంది. పొద్దున దేవుడి దగ్గర దీపం వెలిగించి కళ్లు మూసుకుంటే స్వామి రూపం కంటే ముందు ఈ అనుమానమే వచ్చి కూర్చుంటుంది.

జరిగింది మాత్రం ఆమెకు బాగా గుర్తుంది. పొయ్యి మీద కుక్కరు ఉంది. విజిళ్ల లెక్క తప్పకుండా చెవి అటు పెట్టి, చేతులతో చింతపండు పిసుకుతోంది. భర్త ఉమాకాంత్ వంటింటి గడపలో నిలబడి చెబుతున్నాడు. రఘునాథపల్లి దగ్గర హైదరాబాదు రోడ్డు పక్కన, మూతపడ్డ రైసుమిల్లు వెనక, తుమ్మచెట్ల కింద ఒక కారు పడి ఉందట. ఇంగ్లండులో తయారైన పాతకాలం ఎంజీ బండట. రెండే సీట్లట, పైన టాపు మడిచేసుకోవచ్చట. ఒళ్లంతా తుప్పు పట్టింది గానీ ఇంజను మాత్రం దాంతో పుట్టిందేనట. ఆయన కళ్లలో అంత వెలుగు ఆమె పెళ్లినాడు కూడా చూడలేదు. ఆ వరసలోనే, "బండి మన మగ్గం అర్రల పెడ్త. మగ్గం ఇప్పితే దాని కింది గుంట ఉండనే ఉండె, కిందికి దిగి పనిజేసుకునేతందుకు మంచిగుంటది. నీకేం ఇబ్బంది లేదుగద లతా?" అన్నాడు.

"ఊఁ" అన్నది ప్రేమలత.

అన్నది అంతే. డోర్నకల్లులో ఆమె పుట్టింట్లో, ఎండాకాలం వాకిట్లో మంచాలు వేసుకుని అమ్మమ్మ కథ చెబుతుంటే పిల్లలందరూ ఊఁ కొట్టేవాళ్లు. ఊఁ వినబడకపోతే అమ్మమ్మ కథ ఆపేసేది. ఊఁ అంటే వింటున్నాను, చెప్పు అని. రాజు అడవికి పోయాడంటే ఊఁ. రాకాసి వచ్చి రాజు బిడ్డను ఎత్తుకుపోయిందంటే ఊఁ. అంతమాత్రాన రాకాసి ఎత్తుకుపోవడానికి పిల్లలు ఒప్పుకున్నట్టా?

కానీ ఆ ఐతారం ఆమె గుడికి పోయి వచ్చేసరికి మగ్గం లేదు. నేల మీద పరిచేందుకు సగం నేసిన జంపఖానాను కత్తెరతో కోసి, చుట్టి, మూలకు నిలబెట్టాడు. కర్రలన్నీ గోడకు ఆనించి ఉన్నాయి. "అయ్యో, ఇప్పేసిండ్రా?" అన్నది ఆమె. "నిన్నడిగినంకనే గదనే ఇప్పింది" అన్నాడు ఉమాకాంత్ నవ్వుతూ. అబద్ధం చెప్పే మనిషి కాదు. నిజంగానే అడిగాడు. అదే ఆమె చిక్కు.

ఆ మగ్గం అత్త రాములవ్వది. వాళ్లుండే కొత్తవాడలో జంపఖానాలు నేసిన చేతుల్లో ఆమెది పేరున్న చేయి. ప్రేమలత పుట్టింటివాళ్లదీ నేతకులమే అయినా తండ్రి రైలు పట్టాల మీద పని చేసినవాడు. పెళ్లయ్యేనాటికి ఆమెకు పడుగేదో పేకేదో తెలియదు. రాములవ్వే కోడలిని మగ్గం కింద తవ్విన గుంటలోకి కాళ్లు దిగేసుకుని కూర్చోమని, పేక దారం చుట్టిన నాడె అటూ ఇటూ విసరడం నేర్పింది. ఎంత ఎండలోనైనా మోకాళ్ల దాకా మట్టి చల్లగా తగిలేది. నేసే మనిషిని మధ్యలో లేపితే పేక దెబ్బ సమంగా పడదు, అంచు వంకర పోతుంది. అందుకని కోడలిని ఎవరు పిలిచినా రాములవ్వ కసిరేది. "నేస్తాంది, పిలువకుండ్రి. నీళ్లు ముంచుకోను మీకు చేతుల్లేవా?" అని. పొద్దంతా అందరిదీ అయిన ప్రేమలత ఆ కాసేపూ ఎవరిదీ కాదు. ఆలోచనలు కూడా ఆమెకు అక్కడే వచ్చేవి. వంటింట్లో వచ్చేవన్నీ పనులే.

బండిని ట్రాలీ మీద వేసుకొచ్చిన రోజు వాడకట్టంతా గుమిగూడింది. ముందు అద్దం లేదు, చక్రాలు మట్టిలో కూరుకుపోయి పెకిలించినట్టున్నాయి, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టి పోయిన గుర్తులున్నాయి. గోడ కొంత పగలగొట్టి లోపలికి తోశారు. ఎదురింటి పూలమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని చూసి, "ఎంజీ బండా ఇది? ఎంజీఎం బండి అనురి. ఎప్పుడు దవాఖాన్లనే ఉంటది గావచ్చు" అన్నది. ఎంజీఎం అంటే ఊళ్లోని పెద్ద సర్కారు దవాఖాన. అందరూ నవ్వారు. ఉమాకాంత్ కూడా నవ్వాడు. ఆ పేరే బండికి స్థిరపడిపోయింది.

కాజీపేటలో రైల్వే ఫిట్టరు ఆయన. డ్యూటీ దిగగానే ఇంటికొచ్చి బండి కిందికి దూరేవాడు. విప్పిన నట్లూ బోల్టులూ బియ్యం కడిగే బేసిన్‌లో పోసి తెచ్చి ప్రేమలత ముందు పెట్టేవాడు. ఆమె పాత బ్రష్షుతో కిరోసిన్‌లో తోమేది. "నీ చెయ్యి సన్నగుంటది, జర ఆ సందుల పెట్టి పట్టుకో" అనేవాడు. పట్టుకునేది. లైటు పట్టుకొమ్మంటే పట్టుకునేది. "ఇటు గాదే, అటు. నీ ధ్యాస యాడున్నది?" అని గుంటలోంచి విసుగు వినిపించేది. ఆ గుంటలో ఒకప్పుడు తన కాళ్లుండేవి. ఇప్పుడు ఆయన తల ఉంది. ధ్యాస అక్కడే ఉన్నదని ఎట్లా చెప్పాలి?

ఐతారం వస్తే స్నేహితులు వచ్చేవాళ్లు. అందులో ఓంకార్ మరీ దగ్గరివాడు, ఉమాకాంత్‌తో పాటే పని చేస్తాడు. "వదినా, చాయ్ జర గట్టిగ పెట్టు. ఇంజను కంటె ముందు మేం స్టార్టు గావాలె" అనేవాడు. చాయ్, ఆ తర్వాత సర్వపిండి, ఆ తర్వాత "ఎట్లనో పొద్దుపోయింది, ఇంత బువ్వ తినిపోతం". ఆడపడుచు వచ్చినప్పుడల్లా అనేది: "మా అన్న తాగడు, తిరుగడు. ఇంటిపట్టున ఉంటడు. నీ అదృష్టం వదినా." నిజమే. ఇంటిపట్టున ఉండే మగవాడు దొరకడం అదృష్టమే. ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ ఎవరు నిలబడి ఉండాలన్నది ఆ లెక్కలోకి రాలేదు.

చేతుల కిరోసిన్ వాసన పోయేది కాదు. శనగపిండితో తోముకునేది, నిమ్మచెక్క రుద్దుకునేది. హారతి పళ్లెం పట్టుకుంటే కర్పూరం వాసన మీద కిరోసిన్ వాసన తేలేది. వేళ్లకు ఎక్కడ మంట అంటుకుంటుందోనని పళ్లెం దూరంగా పట్టుకునేది. భగవంతుడి దగ్గర కూడా చేతులు చాచి దూరంగా నిలబడటం ఏమిటని నొచ్చుకునేది.

అట్లా జరుగుతుండగా బిడ్డ నవతకు డెంగీ వచ్చింది. పిల్ల అప్పటికి ఐదో తరగతి. రక్తంలో కణాలు పడిపోతున్నాయని దవాఖానలో డాక్టర్లు మాట్లాడుకుంటుంటే ప్రేమలత వరండాలో గోడకు చేరగిలబడి మార్కండేయస్వామికి మొక్కుకుంది. చావును తప్పించుకున్న పసివాడే గదా ఆ స్వామి, పిల్లల ప్రాణం సంగతి ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? "నా బిడ్డను ఇయ్యి తండ్రీ. నా చేత్తో నేసిన జంపఖానా నీ గుడిల పరుస్త" అన్నది. నవత బతికింది. బిడ్డను భుజాన వేసుకుని ఇంటికొచ్చి, అలవాటుగా మగ్గం అర్ర వైపు చూసిన తర్వాత గానీ ఆమెకు గుర్తు రాలేదు. మగ్గం లేదు. లేని మగ్గం మీద నేసిస్తానని మొక్కింది.

అంత ఆపదలో అబద్ధం నోట రాదు. తన లోపల మగ్గం ఇంకా నిలబడే ఉందని, దాన్ని ఎవరూ విప్పలేదని ఆమెకు ఆ రోజే తెలిసింది.

ఉమాకాంత్‌తో చెప్పింది. "దానికేం ఫికరే, దుకాన్ల దొరుకుతయిగద. ఒకటి గాదు, రెండు కొనిస్త" అన్నాడు.

"నా చేత్తో అని మొక్కిన."

"ఎవలు నేసిండ్రో దేవుడు చూస్తడా?"

దేవుడే చూడకపోతే ఇంకెవరు చూస్తారు అనిపించింది. అనలేదు. పూలమ్మ ఇంట్లో మగ్గం ఉన్నది, అక్కడికి పోయి నేస్తానని అడిగింది. "మంది ఇండ్లల్ల నేసుడేంది, నా ఇజ్జత్ ఏంగావాలె? బండి తయారుగానీ. గుంట ఖాళీ చేసి నీ మగ్గం నీకు నిలబెడ్త. మాటిస్తాన" అన్నాడు.

ఆ మాట పట్టుకుంది ప్రేమలత. బండి అయితే మగ్గం వస్తుంది, మగ్గం వస్తే మొక్కు తీరుతుంది. ఆ రోజు నుంచి ఎవరూ చెప్పకుండానే తుప్పు గీకే ఎమరీ కాగితం తీసుకుని కూర్చునేది. రేకు మీద తుప్పు ఎర్రటి పొడిగా రాలి, పైటంతా పడేది. చిరిగిన సీట్లకు తనే తోలుబట్ట కుట్టింది. టాపుకు గుడ్డ కత్తిరించి కుట్టింది. కార్బరేటర్ కోసం ఎన్ని నెలలు ఎదురుచూశాడో, వచ్చిన ముక్క సరిపోక ఎన్నిసార్లు వెనక్కి పంపాడో, ఆయనతో సమానంగా ఆమె కూడా ప్రాణం బిగబట్టుకుంది. "మా లతకు నాకంటె ఎక్కువ పిచ్చి లేసింది" అని ఉమాకాంత్ అందరితో మురిసిపోతూ చెప్పుకునేవాడు. ఆ మురిపెం చూస్తే ఆమెకు జాలి వేసేది.

మంచం పట్టిన రాములవ్వను ఒక రోజు ఎండకు వాకిట్లోకి తెస్తుంటే, ముసలిది మగ్గం అర్ర ముందు ఆగింది. బండికి ఇంకా చక్రాలు ఎక్కలేదు. నాలుగు మూలలా దుంగల మీద నిలబెట్టి ఉంది. రాములవ్వ కళ్లు చిట్లించి ఆ దుంగలకేసి చూసింది. నూనెలో నాని నల్లబడ్డాయి, బరువుకు పగిలాయి. అయినా ఆమెకు తెలిసింది. అవి మగ్గం కర్రలు. అట్లాంటి సరి దిమ్మెలు బయట దొరకవని ఉమాకాంత్ ముక్కలు కోసి వాడుకున్నాడు.

"వాడు నిన్ను అడిగిండా బిడ్డా?"

"మగ్గం తీసేటప్పుడు అడిగిండు అత్తమ్మా."

"నువ్వేమన్నవ్?"

"ఊఁ అన్న."

రాములవ్వ ఆ దుంగల మీది నుంచి చూపు తిప్పి కోడలిని చూసింది. "ఊఁ అంటే ఒప్పుకున్నట్టేనా? నేను బతుకంత ఊఁ కొట్టిన. మీ మామకు కొట్టిన, మా అత్తకు కొట్టిన. అండ్ల నేను ఒప్పుకున్నది ఒక్కటి సుత లేదు" అన్నది.

ఆ చలికాలం గడవకముందే రాములవ్వ పోయింది. పోయిన మనిషి పక్కన కూర్చుని అందరూ ఆమె ఓర్పు గురించి చెప్పుకున్నారు. ఒక్క మాటకు ఎదురుచెప్పి ఎరగదన్నారు. ప్రేమలత మాత్రం శవం కాళ్ల దగ్గర కూర్చుని, గుంటలో ఏళ్ల తరబడి తొక్కి తొక్కి వెడల్పయిన ఆ పాదాలను చూస్తూ ఏడ్చింది.

మొన్న శ్రావణంలో బండి తయారైంది. ఎర్రటి రంగు, ముందర వెండిలా మెరిసే కడ్డీలు. అచ్చం పెండ్లిపిల్లలా ఉంది. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది ప్రేమలతే. ఇంజను మొదటిసారి గుర్రుమంటే కొత్తవాడ పిల్లలంతా కేకలు పెట్టారు. ఉమాకాంత్ కళ్లు తుడుచుకున్నాడు. పక్క సీట్లో ముందు ఓంకార్ కూర్చుని హన్మకొండ చౌరస్తా దాకా పోయి వచ్చారు. తర్వాత నవత, తర్వాత ఆఫీసరు ఎవరో. సాయంత్రం వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు ఆ ఆఫీసరు, "ఇన్నేండ్లు ఇంట్ల ఈ పని పెట్టుకుంటే మీ మిసెస్ ఏమనలేదా?" అని అడిగాడు.

ఉమాకాంత్ ఎంతో ప్రేమగా భార్య వైపు చూశాడు. "మా లత సపోర్టు లేకుంటే ఈ బండే లేదు సార్. ఏదడిగినా ఊఁ అన్నది. ఒక్కనాడు వద్దనలే."

అందరూ చప్పట్లు కొట్టారు. ప్రేమలత చేతుల్లో చాయ్ పళ్లెం ఉంది. ఆయన ఆమెను పొగిడాడు. నలుగురిలో, మనస్ఫూర్తిగా పొగిడాడు. తిట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. తాను చచ్చాక పక్కన కూర్చుని అందరూ అనబోయే మాటలు బతికుండగానే విన్నట్టనిపించింది.

మర్నాడు బండి వాకిట్లో కవరు కింద ఉండగా ఆమె మగ్గం అర్రలోకి పోయింది. ఇన్నేళ్ల తర్వాత గుంట ఖాళీగా కనబడింది. గట్టున కూర్చుని కాళ్లు దిగేసింది. అడుగు అందలేదు. మనిషి నిలబడటానికి వీలుగా ఆయన దాన్ని లోతు చేశాడు, చుట్టూ సిమెంటు వేశాడు. కాళ్లు గాలిలో వేలాడాయి. మట్టి చల్లదనం కాదు, గ్రీజు వాసన పైకి వచ్చింది. మూలన నల్లటి దుంగ ముక్కలు కుప్పగా పడి ఉన్నాయి. అప్పటిదాకా ఆమె, కర్రలు పోయినా మాటిచ్చాడు గదా, ఎట్లాగైనా మగ్గం నిలబెడతాడనుకుని బండి అవ్వాలని ఎదురుచూసింది. బండి అయిన కొద్దీ మగ్గం పోతున్నదని ఆమెకు తట్టలేదు.

రెండు మూడు రోజులు గడిచాక, అన్నం తింటూ ఉమాకాంత్ మొదలుపెట్టాడు. "ఓంకార్ ఇంకో బండి చూసిండు. జనగామ కాడ ఉన్నదట. గుంట తయ్యారుగనే ఉండె. వచ్చే ఐతారం తెస్తం. నీకేం ఇబ్బంది లేదుగద?"

పప్పు వడ్డిస్తున్న ప్రేమలత గరిటె గిన్నెలో పెట్టింది.

"ఉన్నది."

"ఏందీ?"

"ఇబ్బంది ఉన్నది."

ఉమాకాంత్ నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగాడు. "ఇన్నేండ్లు లేనిది ఇప్పుడేం వచ్చెనే?"

"ఇన్నేండ్లు ఉన్నదే."

"మరి చెప్పకపోతివి? అడిగిన ప్రతిసారి ఊఁ అంటివి."

"మీరు చెప్తాంటె విన్న, అందుకే ఊఁ అన్న. వినుడు వేరు, ఒప్పుకునుడు వేరు. నేనేమన్ననో మీరు మళ్ల ఒక్కసారన్న అడిగితే తెలిసేది."

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. మెల్లగా అన్నాడు: "సరే, బండి తేను తియ్యి. కని ఆ గుంటల నువ్వేం జేస్తవ్? మగ్గం యాడున్నదే?"

అది వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. అడిగాక ఆయనకే జ్ఞాపకం వచ్చింది, కర్రలు ఏమయ్యాయో. తల పైకెత్తలేదు.

"రేపటిసంది మధ్యాహ్నం పూట నేను పూలమ్మ ఇంట్ల ఉంట. మొక్కు తీరేదాక. బువ్వ, కూర గిన్నెల్ల ఉంటయి, పెట్టుకొని తినుండ్రి" అన్నది ప్రేమలత. ఆయన ఇజ్జత్ మాట ఎత్తుతాడేమోనని చూసింది. ఎత్తలేదు.

పూలమ్మకు మోకాళ్లు పట్టేసి మగ్గం మీద కూర్చోవడం తగ్గించింది. ప్రేమలతను చూసి, "కారోళ్ల కోడలు గుంటల దిగవట్టె! చక్రాలు లేని బండి ఇది, పడిపోతవు జర పైలం" అని ఆటపట్టించింది. అట్లా అంటూనే పడుగు తనే సరిచేసి ఇచ్చింది. మొదటి రోజు ప్రేమలత చేతులు మొండికేశాయి. నాడె ఇటు విసిరితే అటు పోయింది. నేసింది నేసినట్టే విప్పింది. చేతులు మరిచిపోయాయి గానీ కాళ్లు మరిచిపోలేదు. కాళ్లు ముందు కదిలాయి, వాటి వెంట చేతులు వచ్చాయి. మోకాళ్ల దాకా చల్లదనం ఎక్కుతుంటే కన్నీళ్లు వాటంతటవే కారి దారాల మీద పడ్డాయి. పూలమ్మ చూసీ చూడనట్టు, "ఏడువు, ఏడువు. దారం తడిస్తే గట్టిపడ్తది" అన్నది.

ఒక మధ్యాహ్నం ఉమాకాంత్ వచ్చి పూలమ్మ గడపలో నిలబడ్డాడట. భార్య వీపు చూస్తూ కొంతసేపు ఉండి మళ్లిపోయాడట. నవత చెప్పింది. ఏం కావలసి వచ్చాడో ప్రేమలత అడగలేదు, ఆయన చెప్పలేదు.

కార్తీకంలో జంపఖానా పూర్తయింది. చిన్నదే. ఎర్ర పట్టీ, నీలం పట్టీ. మొదటి జానెడు మేర అంచు వంకర పోయింది. విప్పి మళ్లీ నేద్దామా అనుకుని, ఎందుకో విప్పబుద్ధి కాలేదు. సోమవారం తలస్నానం చేసి, దాన్ని చుట్టి భుజాన వేసుకుంది. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న నవత కొబ్బరికాయలు పట్టుకుంది. ఉమాకాంత్ వాకిట్లో బండి కవరు తీసి తుడిచి పెట్టాడు. "ఎక్కుండ్రి, దింపుత" అన్నాడు, కొంచెం బతిమాలుతున్నట్టు.

"ఇద్దరం ఉన్నం, జంపఖానా ఉన్నది. మీ బండిల పట్టం" అన్నది ప్రేమలత. కోపంగా అనలేదు. "మీరు ఎనుకరాండ్రి, మేం నడుచుకుంట పోతం."

దారి పొడుగునా స్వామికి చెప్పుకోవలసిన మాటలు కూర్చుకుంది. ఆలస్యమైంది తండ్రీ, తప్పు కాయి అని. తీరా ఎదురుగా నిలబడితే ఆ క్షమాపణ నోట రాలేదు. తన వల్ల ఆలస్యం కాని దానికి తప్పు ఒప్పుకుంటే అది కూడా ఇంకో అబద్ధమే గదా, దేవుడి ముందు అదెందుకు అనిపించింది. ఊరికే చేతులు జోడించింది. ఎన్నో ఏళ్ల తర్వాత దగ్గరగా నిలబడింది.

పంతులుగారు అక్షతలు తీసుకుని, "గోత్రం చెప్పమ్మా" అన్నారు. చెప్పింది.

"యజమాని పేరు?"

ప్రతి పూజలోనూ ఈ ప్రశ్నకు ఆమె భర్త పేరే చెప్పింది. ధర్మపత్నీ సమేతస్య అన్న మాటలో తాను ఇమిడిపోయింది. ఇవాళ ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. యజమాని అంటే పూజ ఎవరిదో వాళ్లని గదా అర్థం.

"ప్రేమలత."

"నీ పేరు కాదమ్మా, మీ ఆయనది."

"మొక్కింది నేను. నేసింది నేను. నా పేరు మీదనే చదువుండ్రి పంతులుగారూ."

వెనకాల గంట దగ్గర ఉమాకాంత్ వచ్చి నిలబడ్డాడని నవత చూపును బట్టి తెలిసింది. ఆమె తిరగలేదు. పంతులుగారు ఆమె ముఖంలోకి చూశారు, ఆ వంకర అంచు వైపు చూశారు, గొంతు సవరించుకున్నారు. "ప్రేమలతా నామధేయవత్యాః" అని చదివారు.

అప్పుడు ఆమె వంగి చుట్ట విప్పి, స్వామి ఎదుట నేల మీద జంపఖానా పరిచింది. భజనకొచ్చిన ఆడవాళ్లు ఎవరు ముందు కూర్చోవాలా అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, నవత పోయి దాని నడుమ కూర్చుంది.